కొన్యక్ వీరుల పచ్చబొట్టు: ఎవరు పొడిచారు, ఎందుకు పొడిచారు

పోయిన ఏడు వానాకాలంలో మా సంఘం కార్యాలయానికి మన గోండు పిల్లవాడొకడు వచ్చాడు. పేరు, ఊరు ఇక్కడ అనవసరం. ఇంటర్ అయిపోయింది. తెల్లవారుజామున లేచి తారురోడ్డు మీద పరుగు తీస్తాడు. అగ్నివీర్ భర్తీకి పేరు నమోదు చేసుకున్నాడు. ఎత్తుకు, ఛాతీకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా భుజం మీద ఉంది. నగరంలో పనికి పోయినప్పుడు పచ్చబొట్టు దుకాణంలో ఎడమ భుజం నుంచి మెడ దాకా ఒక పెద్ద నల్లటి బొమ్మ వేయించుకున్నాడు. కోణాలు, చారలు, మధ్యమధ్య ఖాళీగా వదిలిన చర్మం. చూడడానికి బాగానే ఉంది.

"దాదా, ఇది మన గోండుల ఆచారమే అని సంఘం తరఫున ఒక కాగితం రాసియ్యుండ్రి," అన్నాడు.

అలా అడగడానికి కారణం ఉంది. సైన్యంలో చేరేవారికి పచ్చబొట్టు మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు గానీ, అరచేతి వెనుక గానీ ఉంటేనే ఒప్పుకుంటారు. ఒంటి మీద ఇంకెక్కడ ఉన్నా కుదరదు. ఆదివాసీలకు మాత్రం సడలింపు ఉంది. తెగ ఆచారం ప్రకారం వేసుకున్నదైతే ముఖం మీద ఉన్నా, ఒంటి మీద ఉన్నా పరిశీలించి అనుమతిస్తారు. మంచి నియమమే. కానీ ఆ ఆచారం నిజంగా ఆ తెగదేనని ఎవరో ఒకరు పూచీ పడాలి కదా. ఆ పూచీ మమ్మల్ని పడమంటున్నాడు.

"ఇది ఏం బొమ్మ బాబూ?" అని అడిగాం. దుకాణం వాళ్ల ఆల్బంలో దాని పేరు 'నాగా వారియర్' అని ఉందట.

ఆ రోజు మాలో మేము చాలాసేపు వాదించుకున్నాం. ఒక వైపు పిల్లవాడి ఉద్యోగం, ఇంకో వైపు తెగ పేరు మీద సంతకం. ఒక్క కాగితానికి ఇంత ఆలోచన ఎందుకన్నవారూ మాలో ఉన్నారు. వాదన తేలాలంటే ముందు ఆ బొమ్మ ఎవరిదో, ఏమిటో తెలియాలి. దానికోసం చదివినవీ విన్నవీ ఈ సంచికలో పెడుతున్నాం.

వెతకడానికి మాకు దూరం పోవలసిన పని పడలేదు. జైనూరు మండలం మార్లవాయిలో సమాధులు ఉన్న హైమన్‌డార్ఫ్ దంపతుల గురించి మన పిల్లలకు కూడా తెలుసు. నిజాం కాలంలో మన పట్టాల కోసం, మన బడుల కోసం పని చేసిన మనిషిగా ఆయనను ఏటా తలచుకుంటాం. కానీ మన దగ్గరికి రాకముందు ఆయన ఎక్కడ ఉన్నాడో మనలో చాలామంది అడగలేదు. 1909లో వియన్నాలో పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1936, 37 సంవత్సరాల్లో నాగా కొండల్లో, వాక్‌చింగ్ అనే కొన్యక్ ఊళ్లో ఉన్నాడు. ఆ అనుభవంతో 1939లో 'ది నేకెడ్ నాగాస్' పుస్తకం తెచ్చాడు. మళ్లీ 1969లో 'ది కొన్యక్ నాగాస్' అని ఇంకో పుస్తకం రాశాడు. ఆయన అక్కడ తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. సేకరించిన వస్తువులు వియన్నా మ్యూజియంలో ఉన్నాయి. మన పిల్లవాడి భుజం మీది బొమ్మకు మూలం ఆ కొన్యకుల ముఖం.

అవును, ముఖమే. కొన్యక్ వీరుడి అసలు పచ్చబొట్టు భుజం మీద ఉండేది కాదు.

కొన్యకులు ఇప్పటి నాగాలాండ్ రాష్ట్రంలో మోన్ జిల్లా వారు. సరిహద్దుకు అవతల మయన్మార్‌లో కూడా ఉన్నారు. లోంగ్వా ఊళ్లో రాజు ఇంటి మధ్య నుంచే రెండు దేశాల గీత పోతుంది. రాజును వారు 'ఆంగ్' అంటారు. 2011 జనగణనలో కొన్యక్ భాష తమదని చెప్పినవారు 2.4 లక్షలకు పైనే ఉన్నారు. నాగా తెగలలో పెద్దవాటిలో ఇది ఒకటి. కొండ కొన మీద ఊరు, కింద పోడు చేలు, ఊరికి ఊరికి మధ్య పాత పగలు. నాటు తుపాకులు, మందుగుండు తయారుచేయడంలో కొన్యక్ కమ్మరులకు పేరుంది.

వారి యుద్ధం మనం సినిమాల్లో చూసే యుద్ధం లాంటిది కాదు. పెద్ద సేనలు ఎదురెదురుగా నిలబడడం అరుదు. తెల్లవారుజామున పొదల్లో మాటు వేసి, పొలానికో నీళ్లకో వచ్చినవారి మీద పడి తల నరికి తీసుకుపోవడం ఎక్కువ. తలలో ఒక ప్రాణశక్తి ఉంటుందని, అది ఊరికి వస్తే పంట బాగా పండుతుందని, పిల్లలు పుడతారని, ఊరు బలపడుతుందని వారి నమ్మకం. తెచ్చిన తలకు ఊళ్లో మర్యాదలు చేసేవారు. దాని నోట్లో బియ్యపు కల్లు పోసి, నీ తల్లిని, తండ్రిని, అన్నదమ్ములను కూడా ఇక్కడికి పిలువు అని వేడుకునేవారు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. చంపినవాడిని చుట్టంగా చేసుకునే ఆ మాటలో శత్రువు అంటే ద్వేషం మాత్రమే కాదు, ఇంకేదో ఉంది. అదేమిటో పూర్తిగా అర్థమైందని మేము చెప్పబోము.

ఊళ్లో యువకులకు ఉమ్మడి ఇల్లు ఉండేది. నాగాల గురించి రాసినవారు దాన్ని 'మోరుంగ్' అంటారు. కొన్యకులు 'బాన్' అంటారు. పెళ్లికాని మగపిల్లలు రాత్రి అక్కడే పడుకునేవారు. వేట, కొయ్యపని, పాట, ఊరి కాపలా, పెద్దల మాట వినడం, అన్నీ అక్కడే నేర్చుకునేవారు. సైనిక శిబిరం, బడి, గుడి మూడూ కలిసిన చోటు అనుకోవచ్చు. బస్తర్ వైపు మన బంధువుల గోటుల్ గురించి విన్నవారికి కొంత ఊహ అందుతుంది. కానీ గోటుల్‌లో ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఉంటారు. బాన్ మగవారిదే, దాని మొదటి పని ఊరి రక్షణ. అక్కడ పెద్ద చెట్టు మాను తొలిచి చేసిన మొద్దు డోలు ఉండేది. వరసగా నిలబడి దాన్ని మోగిస్తే కొండ అవతలి ఊరికి వినబడేది. తల వచ్చిందని చెప్పేది ఆ డోలే.

ఆ తరువాత పచ్చబొట్టు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కొన్యకులందరూ ముఖానికి పచ్చబొట్టు పొడిపించుకోలేదు. హైమన్‌డార్ఫ్ వారిని రెండు వర్గాలుగా గుర్తించాడు. తెండు వర్గం ఊళ్లలో ఆంగ్ మాటకు తిరుగులేదు. అతని ముందు సామాన్యుడు వంగి నడవాలి. అక్కడ వీరుల ముఖానికి పచ్చబొట్టు ఉండేది. తెన్‌కో వర్గం ఊళ్లలో పెద్దల మాట ఎక్కువ, ఆంగ్ అధికారం తక్కువ. అక్కడ ముఖానికి పచ్చబొట్టు లేదు. ఆయన ఉన్న వాక్‌చింగ్ తెన్‌కో ఊరు. అంటే ఒకే తెగలో, పక్కపక్క ఊళ్లలో, ఒకే రకంగా తలలు నరికినవారిలో చాలామందికి ఈ గుర్తు లేదు. దుకాణం ఆల్బంలో 'నాగా' అని ఒక్క మాటతో తేల్చేసిన బొమ్మ నాగాలందరిదీ కాదు. కొన్యకులందరిదీ కాదు. కొన్ని ఊళ్లది. ఆ ఊళ్లలో కూడా అందరిదీ కాదు.

తెండు ఊళ్లలో పచ్చబొట్టు పొడిచే అధికారం ఆడవారిది. అది కూడా అందరు ఆడవారిదీ కాదు. ఆంగ్ భార్య, ఆంగ్ వంశపు స్త్రీలు పొడిచేవారు. బేతపు ముళ్లను కట్టగా కట్టి చిన్న కర్రకు బిగిస్తారు. చెట్టు జిగురును కాల్చి, ఆ మసిని నీళ్లతో కలిపి సిరా చేస్తారు. ముందు ముఖం మీద గీతలు గీసుకుని, ముళ్ల కర్రను చర్మం మీద ఆనించి ఇంకో కర్రతో టకటకా కొడతారు. నొసలు, చెంపలు, ముక్కు, గడ్డం, అన్నీ నెత్తురు ఓడతాయి. కుర్రవాడు అరవకూడదు. పూర్తయ్యాక కొన్ని రోజులు ముఖం ఉబ్బి కళ్లు తెరవరావు. చీము పడితే ప్రాణం మీదికి వచ్చేది. చచ్చేదాకా చెరగని ఆ గుర్తును చూసిన ఎవరికైనా ఇతను ఎవరు, ఏం చేశాడు, ఏ ఊరి వాడు అన్నది అడగకుండానే తెలుస్తుంది. కొన్ని ఊళ్లలో ఛాతీ మీద కూడా గుర్తులు ఉండేవి. మెడలో ఇత్తడితో చేసిన చిన్న చిన్న తలలు వేలాడేవి, ఒక్కో తలకు ఒక్క ఇత్తడి తల. చెవులకు కొమ్ములు, టోపీకి అడవిపంది కోరలు, హార్న్‌బిల్ పక్షి ఈకలు.

మన దేశపు సైన్యంలో చొక్కా జేబు పైన రంగురంగుల పట్టీలు చూస్తాం కదా. ఏ యుద్ధంలో పాల్గొన్నాడు, ఏ పతకం వచ్చింది అని తెలిసినవారు వాటిని చదువుతారు. వేరేవాడి పతకం పెట్టుకుంటే నేరం. తెండు కొన్యకుల ముఖం అలాంటి చొక్కా. తేడా ఏమిటంటే, ఆ చొక్కా విప్పడం కుదరదు.

ఆ గుర్తు ఇచ్చేది ఒక స్త్రీ కావడం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. కుర్రవాడు తానే వీరుడినని చెప్పుకుంటే చాలదు. తోటి మగవాళ్లు మెచ్చుకున్నా చాలదు. ఊరు ఒప్పుకోవాలి. ఊరు ఒప్పుకుందనడానికి రాణి తన చేతితో ముళ్లకర్ర పట్టాలి. ఆమె పొడవనంటే గుర్తు లేదు. ఆడపిల్లలకు కూడా వయసు వచ్చినప్పుడు, పెళ్లి కుదిరినప్పుడు కాళ్లకు, చేతులకు పచ్చబొట్లు పొడిచేవారు. అంటే ఆమె చేతిలో ఉన్నది ఊరి పుట్టుకలు, పెళ్లిళ్లు, యుద్ధాలు అన్నీ నమోదయ్యే పుస్తకం.

ఇదంతా చదివి మాలో కుర్రవాళ్లు కొందరు "ఎంత గొప్ప సంస్కృతి" అన్నారు. మాకు అంత తొందరగా మాట రాలేదు. తెచ్చిన తల యుద్ధం చేయగల మగవాడిదే కానక్కరలేదు. ఆడవారిది అయినా, పసిపిల్లది అయినా లెక్కే. నిజానికి నీళ్లకు పోయిన ఆడమనిషిని చంపడమే సులువు. ఆ కొండల్లో ప్రతి వీరుడి ముఖానికి అవతల ఇంకో ఊళ్లో ఒక ఇల్లు ఏడ్చింది. ఆ ఊరి నుంచి కూడా ఇంకొకడు ముళ్లకర్ర కింద కూర్చోవాలని బయలుదేరాడు. ఆదివాసీ సంస్కృతి గురించి రాసే మన సంచికల్లో మనం మంచినే రాస్తాం. అది మన అలవాటు. ఎన్నో ఏళ్లు మనల్ని తక్కువ చేసి రాసినవారికి జవాబుగా వచ్చిన అలవాటు. కానీ ఈ విషయంలో అలా రాస్తే చనిపోయినవారికి అన్యాయం అవుతుంది.

తలలు నరకడం మానాలని చెప్పిన సర్కారు ఏం చేసిందో కూడా చూడాలి. 1936 నవంబరులో, ఇప్పటి నోక్లాక్ జిల్లాలో ఉన్న పాంగ్షా ఊరి మీదికి బ్రిటిష్ వారు దండు తీసుకుపోయారు. ఆ ఊరివారు పక్క ఊళ్ల మీద పడి తలలు నరుకుతున్నారు, మనుషులను పట్టుకుపోయి బానిసలుగా పెట్టుకుంటున్నారు అన్నది కారణం. నాగా హిల్స్ డిప్యూటీ కమిషనర్ జె.పి. మిల్స్ ముందు నడిచాడు. అసోం రైఫిల్స్ సిపాయిలు, వందలాది నాగా కూలీలు వెంట పోయారు. హైమన్‌డార్ఫ్ కూడా ఆ దండుతో పోయాడు. పోరు జరిగింది, పాంగ్షా తగలబడింది. బానిసలను విడిపించారు, అది నిజం. ఊరిని కాల్చారు, అదీ నిజం.

తిరిగి వచ్చేటప్పుడు హైమన్‌డార్ఫ్ పాంగ్షాలో దొరికిన తలలను వాక్‌చింగ్‌కు తెచ్చాడు. అప్పటికి ఆ ఊరు సర్కారు పాలనలో ఉంది, తల నరకడం మానేసి చాలా ఏళ్లయింది. మొద్దు డోలు మోగే సందర్భమే లేదు. ఈ తలలు రాగానే ఊరంతా కదిలింది. పాత పద్ధతిలో పండుగ చేసుకున్నారు. యుద్ధం ఎరుగని కుర్రవాళ్లు కూడా వీరుల అలంకారం వేసుకున్నారు. ఈ సంగతిని ఆయన తన పుస్తకంలో దాచుకోకుండా రాశాడు. మార్లవాయిలో మనం పూలు పెట్టే మనిషి ఇలా చేశాడని చదివితే మాకు మొదట ఇబ్బంది అనిపించింది. అప్పుడు ఆయన వయసు 27. ఆ సంఘటన మాకు ఇంకో సంగతి కూడా చెప్పింది. చంపడం ఆగినా గుర్తు కోసం ఆకలి ఆగలేదు. గుర్తు లేని తరం తాము ఇంకా పిల్లలమే అనుకుంటూ ఉండిపోయింది.

మూడేళ్లకు ఇంకో యుద్ధం వచ్చి ఆయనను మన దగ్గరికి తోసింది. ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకున్నాక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి భారతదేశంలోనే ఉన్నాడు. శత్రుదేశపు మనిషి అయ్యాడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దన్నారు. అలా చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపిన తరువాత మన ఆదిలాబాద్ కొండల్లోకి వచ్చాడు. మన భూముల గోడు సర్కారుకు రాసి పంపాడు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. తలల పండుగ చూసిన కళ్లతోనే మన దండారి చూశాడు, గుస్సాడి చూశాడు.

ఇక కొన్యకుల వైపు పచ్చబొట్టు ఎలా ఆగిందో చెప్పాలి. ఒక్క రోజులో ఆగలేదు. బ్రిటిష్ పాలన కిందికి వచ్చిన ఊళ్లలో ముందు ఆగింది. లోపలి కొండల్లో స్వాతంత్ర్యం తరువాత కూడా సాగింది. 1963 డిసెంబరు 1న నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడింది. 1960లు ముగిసేసరికి తల నరకడం దాదాపు అంతరించింది. అదే కాలంలో బాప్టిస్టు చర్చి ప్రతి ఊరికీ చేరింది. కల్లు, బాన్, పచ్చబొట్టు, పాత పాటలు అన్నీ పాపం కింద లెక్క అయ్యాయి. హైమన్‌డార్ఫ్ 1970లో మళ్లీ అక్కడికి పోయి ఆ మార్పును చూశాడు. 1976లో 'రిటర్న్ టు ది నేకెడ్ నాగాస్' వచ్చింది. చంపడం ఆగినందుకు చర్చికి కొన్యకులు కృతజ్ఞత చెప్పుకుంటారు. ఆ మాట వారు అనాల్సిందే, బయటివారం మేము కాదనలేం. కానీ ఆడపిల్లల కాళ్ల మీది చుక్కలు ఏ తలను నరికాయి? యుద్ధంతో సంబంధం లేని గుర్తులు కూడా యుద్ధపు గుర్తులతో పాటే పోయాయి. రాణి చేతిలోని పుస్తకం మొత్తం మూతపడింది.

యుద్ధవిద్య మాత్రం పోలేదు, ఇల్లు మారింది. 1970 నవంబరు 1న భారత సైన్యంలో నాగా రెజిమెంట్ ఏర్పడింది. దాని చిహ్నంలో మిథున్ తల, నాగా కత్తి, ఈటె, డాలు ఉన్నాయి. తాత ముఖం మీద ఉన్నది మనవడి టోపీ మీదికి వచ్చింది. ముళ్లు లేవు, నెత్తురు లేదు. సాయంత్రం విప్పి పెట్టెలో పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ముఖానికి పచ్చబొట్టు ఉన్న కొన్యక్ వృద్ధులు బహు కొద్దిమంది మిగిలారు. లోంగ్వాకు పోయే యాత్రికులు వారి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, కొంత డబ్బు చేతిలో పెడతారు. పూసలు తగిలించి, తుపాకీ చేతికిచ్చి ఇలా చూడు, అలా చూడు అంటారు. అలాంటి ఒక వీరుడి వంశంలో పుట్టిన ఫేజిన్ కొన్యక్ ఊరూరా తిరిగి, మిగిలిన ముసలివారిని కలిసి, ఏ గుర్తు ఎవరిది, ఎప్పుడు పొడిచారు, ఏ పాట పాడుతూ పొడిచారు అని అడిగి రాసుకుంది. ఫొటోలు పీటర్ బోస్ తీశాడు. 2017లో పుస్తకం వచ్చింది. ఇంటి బిడ్డ అడిగితే వచ్చే జవాబు వేరు. హైమన్‌డార్ఫ్ ఎంత మంచివాడైనా ఆయనకు దొరకని జవాబులవి.

మణిపూర్‌కు చెందిన నాగా కళాకారుడు మో నాగా పాత గుర్తుల నుంచి కొత్త బొమ్మలు తయారుచేసి పచ్చబొట్లు వేస్తున్నాడు. ఫిలిప్పీన్స్ కొండల్లో కాళింగ తెగకు చెందిన వాంగ్-ఓడ్ అనే అవ్వ కథ కూడా ఇలాంటిదే. 1917లో పుట్టింది. వీరులకు ముల్లుతో పచ్చబొట్టు పొడిచిన చేతితోనే ఇప్పుడు యాత్రికులకు మూడు చుక్కలు పెడుతుంది. విద్యను మాత్రం తన వంశపు ఆడపిల్లలకే నేర్పింది. వచ్చినవారికి బొమ్మ ఇస్తుంది, అధికారం ఇవ్వదు. ఆ తేడా మాకు నచ్చింది.

2024 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఒక వేలం సంస్థ నాగా మనిషి పుర్రెను, దానికి కొమ్ములు తగిలించి ఉన్నదాన్ని, అమ్మకానికి పెట్టింది. నాగాలాండ్ అంతా నిరసన లేచాక వెనక్కి తీసుకుంది. తలలు నరికారని నాగాలను ఆటవికులు అన్న దేశంలోనే ఆ తలకు ధర కట్టారు.

మన సంగతికి వద్దాం. మన గోండుల్లో తల తెచ్చినందుకు పచ్చబొట్టు పొడిచే ఆచారం లేదు. మన వీరుల లెక్క ఒంటి మీద రాయలేదు, పాటలో రాశాం. రాసింది తోటివారు. కిక్రి వాయిస్తూ మన పేన్‌ల పుట్టుక, మన వంశాల కథ, మన రాజుల యుద్ధాలు రాత్రంతా పాడేది వారే. వారు లేకుండా మన పెద్ద కార్యం ఏదీ జరగదు. ఆ తోటి ఇళ్లలోని ఆడవారే మన ఆడవారికి పచ్చబొట్టు పొడిచేవారు. మగవాడు పాడతాడు, ఆడమనిషి పొడుస్తుంది. ఒకే ఇంట్లో తెగ చరిత్ర రెండు రకాలుగా నిలిచింది. చచ్చిపోయినప్పుడు వెండి, బంగారం అన్నీ ఇక్కడే తీసేసుకుంటారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అని మన ముసలమ్మలు ఇప్పటికీ అంటారు. తోటివారు ఇప్పుడు కొన్ని వేలమందే ఉన్నారు. వారి పాటలను రికార్డు చేసినవారు ఉన్నారు. వారి ఆడవారి విద్య గురించి మా సంఘం కూడా ఇంతవరకు ఒక్క పేజీ రాయలేదు. ఇది ఎవరి తప్పో వెతకక్కరలేదు, మా తప్పే.

పిల్లవాడికి కాగితం ఇవ్వలేదు. రాయిసెంటర్ పెద్దలను కూడా అడిగాం. సార్‌మేడి ఒక్క మాటే అన్నాడు: "వాళ్లది మనది అని రాస్తే, రేపు మనది ఎవరో తమది అని రాసుకుంటే ఏమందుము?" ఆ ఏడు భర్తీ అతనికి తప్పిపోయింది. ఆ సంగతి దాచి ఈ వ్యాసం రాయడం సరికాదనిపించింది. కొన్నాళ్లు మా మీద కోపంగా ఉన్నాడు. ఉండడం సహజమే.

ఈ సంచిక పని మొదలుపెట్టాక అతన్నే పిలిచాం. ముసలమ్మల పచ్చబొట్లు ఫొటోలు తీసి వివరాలు రాసే పనికి ఫోను ఉన్న, నడవగల కుర్రవాడు కావాలి. మొదట వాళ్ల ఇంటికే పోయాం. వాళ్ల అవ్వకు నొసటి మీద, ముంజేతుల మీద, పిక్కల మీద చుక్కలు, గీతలు ఉన్నాయి. ముడతల్లో కొన్ని కలిసిపోయాయి. పొడిచిన తోటి ఆమె పేరు చెప్పింది. ఆమె అత్త పేరు చెప్పింది. వాళ్లు పంట కోతలయ్యాక ఏ ఊరి మీదుగా వచ్చేవారో, ఎన్ని మానికల జొన్నలు పెట్టామో చెప్పింది. తాను ఏడిస్తే వాళ్లమ్మ కాళ్లు గట్టిగా పట్టుకుందని చెప్పి నవ్వింది. మనవడు అన్నీ రాసుకున్నాడు.

రాయడం అయ్యాక ఆమె మనవడి అంగీ పక్కకు జరిపి భుజం మీద చేయి వేసింది.

"నీకు ఎవరు పొడిచిండ్రు?"

"షాపుల వేయించుకున్న అవ్వా."

"షాపుల ఎవరు? పేరేంది?"

అతనికి తెలియదు.